మెట్టు అంచున తెల్లని గీత

శుక్రవారం పొద్దున తులసి దగ్గర దీపం పెట్టి, ముగ్గుపిండి కోసం లోపలికి వస్తుంటే మసీదు మైకు మోగింది. అది నమాజు వేళ కాదు. నాకు ఉర్దూ అంతగా రాదు. అయినా ఇన్నేళ్లుగా పాల్వంచలో ఉంటున్నాం కనుక, వేళ కాని వేళ మైకు మోగితే ఎవరో పోయారని తెలుస్తుంది. పేరు చెప్పారు, తండ్రి పేరు చెప్పారు, జుమ్మా నమాజు తర్వాత మట్టి చేస్తారన్నారు. అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న మా ఆయన చేయి ఆగిపోయింది. చెంప మీద నురగ అలాగే ఉంది.

"మన మేస్త్రే," అన్నారు.

ఆ మనిషిని ఆయన "మన" అనగా విని చాలా ఏళ్లయింది.

పోయినాయన మా చుట్టం కాదు. మా ఇంటి చెక్కపని చేసిన మేస్త్రి. బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఆయన పని. నేను భాయి అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవారు. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నాది పదో తరగతి చదువు. కానీ మా ఇంట్లో మేడ మీదికి వెళ్లే మెట్లున్నాయి. నల్లటి టేకు మెట్లు. ప్రతి మెట్టు అంచునా ఒక తెల్లని గీత ఉంటుంది. ఇంటికొచ్చిన వాళ్లందరూ అదేమిటని అడుగుతారు. ఇన్నాళ్లూ ఏదో ఒకటి చెప్పి దాటేశాను. ఆయనే లేనప్పుడు ఇంకా దాటేయడం న్యాయం కాదనిపించింది.

ముందు మా అత్తమ్మ గురించి చెప్పాలి. ఆమె పుట్టింది చండ్రుగొండ అవతల అడవి అంచున ఒక ఊళ్లో. ఆమె నాన్న అక్కడి పాత బంగళాకు కావలివాడు. అడవి చూడవచ్చే ఆఫీసర్లు దిగే బంగళా అది. దాని నేల అంతా టేకు పలకలు. చిన్నప్పుడు రోజూ ఆ నేలను నూనె గుడ్డతో తుడిచిందట. తుడవచ్చు కానీ పని లేకుండా దాని మీద నిలబడకూడదు. "అద్దం లెక్క ఉండేదే కోడలా, నా మొఖం కనవడేది" అని ఎన్నిసార్లు చెప్పిందో. ఆమె ముసలితనంలో ఆ బంగళాను కూలగొట్టి సామాను వేలం వేస్తున్నారని ఎవరో చెప్పారు. ఇక కొడుకును కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. మా ఆయనది అప్పుడు థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ. మేడ మీద ఒక గది వేస్తున్నాం. డ్యూటీ దిగి అటునుంచి అటే వేలానికి వెళ్లి, లారీలో ఆ నేల పలకలు తెచ్చారు. అత్తమ్మ ఎదురెళ్లి వాటికి పసుపు పెట్టింది.

పలకలు దించిన రోజే మేస్త్రి భాయి వచ్చారు. ఒక పలకను గోడకు ఆనించి, వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. తర్వాత వాసన చూశారు. అత్తమ్మ గడప మీద కూర్చుని ఇదంతా చూస్తోంది.

"ఏం సాయిబూ, పిల్లను చూడనీకి వచ్చినవా? కొట్టి చూసుడేంది, వాసన చూసుడేంది?"

"అవ్ అమ్మా. పిల్ల మంచిగనే ఉంది. వయసే జర ఎక్కువ."

"నాకన్న పెద్దది అది. మర్యాదగ మాట్లాడు."

ఆయన నవ్వి ఆ పలకకు సలాం చేశారు. అత్తమ్మకు ఆ క్షణంలోనే ఆయన నచ్చేశారు.

"నేలకు ఫికర్ లేదు, మెట్లకే కష్టం," అన్నారు తర్వాత. అలాంటి నేల పలకకు ఒక పక్క గాడి ఉంటుంది, ఇంకో పక్క నాలుకలా సన్నగా పొడుచుకొచ్చి ఉంటుంది. ఒకదాని నాలుక ఇంకోదాని గాడిలో దూరి పలకలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. "పక్కన ఇంకోటి ఉంటెనే దీనికి బలం, అమ్మా. మెట్టు అంచుకొస్తే పక్కన ఏముంటది? గాలి. కాలు వడంగనే పలుగుతది. అంచుకు నోజింగ్ పట్టీ ఎయ్యాలె. బజార్ల ఇత్తడి పట్టీలు దొరుకుతయి. రెడీమేడ్ కర్రవి గూడ ఉన్నయి."

"నా బంగళా నేలకు ఇత్తడి పట్టీలేంది? దీంతోనే చెయ్యి. బంగళా నేల నడుచుకుంట వచ్చి మెట్లు దిగినట్టు ఉండాలె. ఎక్కడ అతుకు కనవడొద్దు."

ఆ మాటే అన్నింటికీ మొదలు.

మేడ గదిలో, మెట్ల కింద నేలకు వేయగా మిగిలిన పలకల్లోంచి ఆయన ప్రతి మెట్టుకూ జోడు వెతికేవారు. మెట్టు పలకలో కర్ర చారలు ఎటు పోతున్నాయో, అంచు పట్టీలో కూడా అటే పోవాలి. పట్టీ కింద అదే కర్ర ముక్కను జిగురుతో అతికి, క్లాంపులు బిగించి, మర్నాటిదాకా ముట్టుకునేవారు కాదు. జిగురు పట్టేలోపు నమాజుకు వెళ్లి వచ్చేవారు. లేకపోతే సాసర్లో చాయ్ పోసుకుని అత్తమ్మ చెప్పే బంగళా కబుర్లు వినేవారు. ఎండిన తర్వాత రందాతో చిత్రిక పట్టి ఆ లావు అంచును బొటనవేలి కొసలా గుండ్రంగా తీర్చేవారు. వెనకనున్న నాలుక మెట్టు పలక గాడిలోకి దూరి కూర్చునేది. కళ్లు మూసుకుని చేయి జరిపితే అతుకు ఎక్కడుందో నాకు తెలిసేది కాదు.

ఒక్క చిక్కు మాత్రం వచ్చింది. ఆ పలకలు ఏళ్లతరబడి కాళ్ల కింద, నూనె గుడ్డల కింద నల్లబడినవి. రందా పట్టిన చోట లోపలి కర్ర బయటపడింది. మెట్లన్నీ బిగించి చూస్తే ప్రతి అంచునా లేత రంగు గీత.

అత్తమ్మ మూతి తిప్పింది. "ఏందిది సాయిబూ, రంగేసిన జుట్టు కింద నెరిసిన మొదళ్లు కనవడ్డట్టు?"

"కొత్త కర్ర కద అమ్మా. కొన్నేండ్లయితే అదే నల్లగైతది."

"కొన్నేండ్లకు నేనుంటనా? ఇప్పుడే చెయ్యి."

"ముసలి కర్రకు రంగేస్తే పాపం అమ్మా."

"మరి నీ గడ్డానికి గోరింటాకు ఎందుకు పెట్టినవు?"

ఎర్రటి గడ్డం నిమురుకుంటూ ఆయన ఓడిపోయారు. తుప్పు పట్టిన మేకులు చింతపండు పులుసులో నానేశారు. ఆ నల్ల నీళ్లను ముందు చిన్న చిన్న ముక్కల మీద పూసి, మా కిటికీలో వరసగా ఎండబెట్టి, పాత పలక పక్కన పెట్టి చూసుకున్నారు. ఎక్కువైతే బొగ్గులా అవుతోంది, తక్కువైతే మచ్చగా ఉంటోంది. సరైన పదును దొరికిన రోజు చిన్నపిల్లాడిలా నన్ను వంటింట్లోంచి పిలిచారు. "కర్ర తనంతల తాను అబద్ధం చెప్పది చెల్లె. మనమే చెప్పిస్తం. చూడు, ఎంత ముద్దుగ చెప్తుందో!"

నిజంగానే ఆ మెట్లు ఒకే గుడ్డను పై నుంచి కిందికి జారవిడిచినట్టు ఉన్నాయి. ఊళ్లో వాళ్లు చూడ్డానికి వచ్చారు. ఆ మెట్లను చూసే ఆయనకు పాల్వంచలో, భద్రాచలంలో పెద్ద పెద్ద ఇళ్ల పని వచ్చింది. అందరూ అడిగింది ఒక్కటే: అంచు కనిపించకూడదు.

ఆ ఏడాది వానలు వెనకబడ్డాయి. ఒక మబ్బు మధ్యాహ్నం అత్తమ్మ మేడ మీద ఆరబెట్టిన మిరపకాయలు చేటలో ఎత్తుకుని దిగుతోంది. నేను వంటింట్లో ఉన్నాను. ముందు మిరపకాయలు చెదిరిన చప్పుడు వచ్చింది, తర్వాత ఆమె పడిన చప్పుడు. వెళ్లేసరికి ఆఖరి మెట్ల కింద పక్కకు ఒరిగి ఉంది. ఆమె అరవలేదు. ఆశ్చర్యపోయినట్టు నా మొహంలోకి చూసి, "నేలనుకున్ననే పిల్లా," అంది. "నేల వచ్చిందనుకున్న."

తుంటి విరిగింది. ఖమ్మంలో ఆపరేషన్ చేశారు. ఇంటికి తెచ్చాక మంచం కింది గదిలో, మెట్లకు ఎదురుగా వేశాం. మళ్లీ లేవదని డాక్టరు మా ఆయనతో విడిగా చెప్పారు. చూడవచ్చిన వాళ్లందరూ వయసు మళ్లింది, కాలు జారిందన్నారు. మేమూ అదే అనుకున్నాం.

మేస్త్రి భాయి బత్తాయిలు తీసుకుని వచ్చారు. ఆమె చేయి పట్టుకుని కాసేపు కూర్చున్నారు. ఎక్కడ పడిందో, పడేటప్పుడు ఏమందో నన్ను అడిగారు. చెప్పాను. ఆయన లేచి మేడెక్కారు. పై నుంచి మెల్లగా దిగుతూ, కింది మెట్ల దగ్గర ఆగారు. చాలాసేపు అక్కడే నిలబడిపోయారు. దిగి వచ్చి మా ఆయన ముందు నిలబడ్డారు.

"సార్, అమ్మ కాలు జారలే."

"మరి?"

"మెట్టు కనవడలే. నేనే కనవడకుండ జేసిన. అంచు ఏడుందో నాకే తెలుస్తలేదు. ఆ తెల్ల గీత ఉండుంటే అమ్మ పడకపోతుండె."

మా ఆయనకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక ఆయన మొహం మారిపోయింది. "అంటే మా అమ్మను నువ్వే మంచంల పడేసినవని నా ఇంటికొచ్చి నాకే చెప్తున్నవా?"

"అవ్ సార్."

"నడువు. మల్ల ఈ గడప తొక్కకు."

"ఎవని మీదరా అరుస్తున్నవు?" అంది మంచంలోంచి అత్తమ్మ. "ఆయనకు జెప్పింది నేను. రంగెయ్యమన్నది నేను." భాయి వైపు తిరిగింది. "నీదీ తప్పే సాయిబూ. గంత మంచిగ ఎవడు చెయ్యమన్నడు? జర ఖరాబుగ జేస్తే నీ సొమ్మేం పోయేది?"

ఆ మాటకు ఆయన నవ్వలేదు. ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయారు. "అమ్మా, ఆ అంచులు మల్ల గీకుత. లోపలి తెల్ల కర్ర కనవడేటట్టు. ఇంకో మనిషి పడొద్దు."

ఆమె మెట్ల వైపు చూసింది. ఎంతసేపు చూసిందో. "గీకు. కానీ ఇప్పుడు కాదు. నేనెట్లనూ మల్ల ఎక్కేది లేదు గదా. ఉన్నన్ని రోజులు నా బంగళాను చూసుకుంట పండుకుంట. నేను పోయినంక గీకు."

ఆయన సరేనన్నారు. కానీ ఆలోపు ఇంకెవరైనా పడితే? ఆ వారమే మా ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు వచ్చి గోడ పొడుగునా చేతికి పట్టుకునే కర్ర కడ్డీ బిగించి వెళ్లారు. నన్ను పక్కకు పిలిచి, "చెల్లె, రోజు వాకిట్ల ముగ్గేస్తవు కద. గట్లనే మెట్ల అంచుకు గూడ ఒక గీత గియ్యి. ముగ్గయితే అమ్మ ఏమనది," అన్నారు. అత్తమ్మ నిజంగానే ఏమీ అనలేదు. నేల మీద ముగ్గు ఆమెకు ఇష్టమే. అప్పటినుంచి పొద్దున వాకిట్లో ముగ్గేశాక, తడి పిండితో ప్రతి మెట్టు అంచునా ఒక గీత గీసేదాన్ని. సాయంత్రానికి కాళ్ల కింద చెరిగిపోయేది. "ఇయ్యాల గీసినవా చెల్లె?" అని ఆయన ఫోన్ చేసి అడిగేవారు. ఆ అడగడంలో ఉన్న భయం నాకు వినిపించేది.

అత్తమ్మ వీపు పుండ్లు పడింది. ఆమె బాధ గురించి ఇక్కడ రాయను. ఉగాది ముందు పోయింది. చివరి రోజుల్లో ఆమెకు మనుషుల ఆనవాలు తెలియలేదు కానీ, తల మాత్రం మెట్ల వైపే ఉండేది.

కర్మకాండ అంతా అయ్యాక భాయి వచ్చారు. వాకిట్లోనే ఆగి, మా ఆయన వైపు చూడకుండా, "అమ్మకు మాటిచ్చిన, సార్," అన్నారు. మా ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయారు. అనుమతి అన్నా, కాదన్నా అదే.

ఆయన సంచిలోంచి రందా తీయలేదు. పగిలిన అద్దం ముక్క తీశారు. దాని అంచుతో గీకితే కర్ర పొడి పొడిగా రాలుతుంది, అంచు గుండ్రం చెడదు. పై మెట్టు నుంచి మొదలుపెట్టి, ఒక్కో మెట్టు కిందికి దిగుతూ, తన చేత్తో వేసిన నలుపును తనే తీసేశారు. సాయంత్రానికి నల్లటి మెట్ల మీద వరసగా తెల్లని గీతలు. ఒళ్లో, మెట్ల మీద రాలిన పొడినంతా రుమాల్లోకి ఎత్తుకున్నారు. "అమ్మ నేల ఇది, ఊడ్చి పారెయ్యొద్దు," అని పెరట్లోకి వెళ్లి అత్తమ్మ పెట్టిన సన్నజాజి మొదట్లో పోశారు. తర్వాత నన్ను మేడ మీదికి పంపి కింద నిలబడి అడిగారు.

"కనవడుతుందా చెల్లె?"

"కనవడుతుంది భాయి."

"మంచిగ చూసి చెప్పు."

"మంచిగ కనవడుతుంది."

అయితే అది ఒక్కసారితో అయిపోయే పని కాదు. కాళ్ల తడికి, గాలికి తెల్ల కర్ర మళ్లీ నల్లబడుతుంది. వేరే రంగు కర్ర పొదగవచ్చు కదా అని అడిగాను. "వానలకు లేస్తది. లేస్తే కాలికి తట్టి దాని మీంచే పడుతరు," అన్నారు. అందుకని ఏటా వానలు వెళ్లాక వచ్చి గీకేవారు. వచ్చిన ప్రతిసారీ మా ఆయన చెప్పులేసుకునేవారు. ప్రతిసారీ పొడి సన్నజాజి మొదట్లోకి వెళ్లేది. ప్రతిసారీ అదే ప్రశ్న. మా ఆయన తిరిగొచ్చి గీతల గురించి ఒక్క మాట అనేవారు కాదు. కానీ మెట్లు దిగేటప్పుడు ఆయన చూపు వాటి మీదే ఉండేది.

ఆయనకు మా ఇల్లొక్కటే కాదు. అంచు కనబడకుండా మెట్లు చేసిన ఇళ్లన్నింటికీ వెళ్లి బతిమాలేవారు. ఒకసారి నేను ఏకాదశికి భద్రాచలం వెళ్తుంటే అదే బస్సులో కలిశారు. దర్శనం అయ్యాక నేనూ ఆయనతో ఆ ఇంటికి వెళ్లాను. ఒక ఆడమనిషి చెబితే వింటారేమోనని ఆయన ఆశ. కాంట్రాక్టరు గారి ఇల్లు. మెట్లు మా మెట్ల కంటే అందంగా ఉన్నాయి. ఇంటావిడ మంచి మనిషే. మజ్జిగ ఇచ్చి మరీ నవ్వింది.

"అప్పుడు మ్యాచింగ్ కుదిరిందని మీసం తిప్పిందీ నువ్వే, ఇప్పుడు గీకుతా అనేదీ నువ్వే. నీకేమన్నా మతిపోయిందా మేస్త్రీ?"

"మీసం లేదు మేడమ్, గడ్డమే," అన్నారు ఆయన. తర్వాత నా వైపు చూశారు.

మా అత్తమ్మ పడిన సంగతి నేను చెప్పాను. నాకు గట్టిగా మాట్లాడడం రాదు. చేతనైనంత చెప్పాను. ఆవిడ నవ్వు తగ్గింది. అప్పుడే పై నుంచి వాళ్ల మామగారు దిగుతున్నారు. పెద్దాయన. గోడకు వీపు ఆనించి, పక్కకు తిరిగి, కాలితో ముందు తడుముకుని ఒక్కో మెట్టు దిగుతున్నారు. మా మాటలు విన్నట్టున్నారు.

"గీకనియ్యి అమ్మాయ్," అన్నారు. "నాకు రోజూ భయంగానే ఉంటోంది. చెబితే కళ్లు పోయాయంటారని చెప్పలేదు."

"పెళ్లి పెట్టుకున్నాం మావయ్యా, ఇంటినిండా చుట్టాలు. అది అయిపోనివ్వండి. అందాకా రేడియం స్టిక్కర్ అంటిద్దాం."

"స్టిక్కర్ ఊడుతది మేడమ్. ఊడితే..." అన్నారు భాయి.

"పెళ్లయ్యాక నేనే ఫోన్ చేస్తాను."

తిరుగు బస్సు గోదావరి వంతెన ఎక్కింది. నీళ్లు ఎర్రగా, ఒడ్లకు ఒరుసుకుంటూ పోతున్నాయి. "మెచ్చుకున్నప్పుడు నేను కాదనలే చెల్లె," అన్నారు భాయి. "ఇప్పుడు తప్పంటే ఎవలు నమ్ముతలేరు. మీరు నమ్మిన్రు. గని దానికి మీ అత్తమ్మ పోవాల్సి వచ్చింది." ఆ ఫోన్ రాలేదు. తర్వాత ఏటా ఆయన ఆ ఇంటికి వెళ్లి అడిగి వచ్చేవారు. వాళ్లు ఒక్క గీత కూడా గీకనివ్వలేదు. నాకు చేతనైంది ఒక్కటే, సాయంత్రం దీపం ముందు ఆ పెద్దాయన కాళ్ల గురించి కూడా దండం పెట్టుకునేదాన్ని.

చివరిసారి ఈ చలికాలంలో వచ్చారు. బాగా చిక్కిపోయారు. ఇన్నేళ్ల చెక్కపొట్టు ఊపిరితిత్తుల్లో పేరుకుందని దవాఖానాలో చెప్పారట. గోరింటాకు పెట్టక గడ్డం తెల్లబడింది. "మొదళ్లు కనవడుతున్నయి," అని తనే నవ్వారు. మా ఆయన రిటైరయ్యారు. ఆ రోజు మోకాలి నొప్పితో ఉండి బయటికి పోలేదు. ముందు గదిలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

భాయి పై మెట్ల నుంచి మొదలుపెట్టారు. ఒక మెట్టు, దగ్గు. ఇంకో మెట్టు, మళ్లీ దగ్గు. సగం దాటాక దగ్గు ఆగలేదు. అద్దం ముక్క చేతిలోంచి జారింది. ముందు గదిలో పేపరు చప్పుడైంది. మా ఆయన కుంటుకుంటూ లోపలికి వచ్చి, చెంబుతో నీళ్లు మెట్టు మీద పెట్టి, అలాగే వెనక్కి వెళ్లిపోయారు. భాయి ఆ చెంబు వైపు చాలాసేపు చూసి తాగారు.

"మిగిలినయి రేపొచ్చి గీకుత," అన్నారు లేస్తూ. అద్దం ముక్కను గుడ్డలో చుట్టి కిటికీలో పెట్టారు. ఆ రోజు నన్ను పైకి వెళ్లి చూడమనలేదు.

ఆ రేపు రాలేదు. కింది మెట్లు నల్లగానే ఉండిపోయాయి. అత్తమ్మ పడిన మెట్లు అవే. నేను మళ్లీ పొద్దున్నే తడి పిండితో వాటికి మాత్రం గీత గీయడం మొదలుపెట్టాను. మొన్నటిదాకా ఫోన్ వచ్చేది. గొంతు పెగలక, దగ్గు మధ్యలో అడిగేవారు. "గీసినవా చెల్లె?"

శుక్రవారం వాకిట్లో ముగ్గు వేయలేదు. మనవాళ్లు పోయినప్పుడు వేయం. మెట్ల మీద కూడా గీయలేదు. వాళ్లింటికి వెళ్లి, నేను వదిన అని పిలిచే భాయి భార్య పక్కన కూర్చున్నాను. ఆమె ఏడవడం కూడా అలసిపోయినట్టు ఏడుస్తోంది. "నిద్రల గూడ కనవడుతుందా, కనవడుతుందా అనెటోడు," అని చెప్పింది. వాళ్లింటిని ఆనుకునే ఉన్న షెడ్డు మూలన ఆయన ఎప్పుడూ కొన్ని మొరటు పలకలు విడిగా పెట్టేవారు, ఎవరు పోయినా గోరీలో పైన కప్పడానికి. రందా పట్టరెందుకని ఒకసారి నేను అడిగితే, "మట్టిల పండుకునేటోళ్లకు నునుపు ఎందుకు చెల్లె? ఆడ ఎవలు చూస్తరు?" అన్నారు. నేను కూర్చున్న చోటి నుంచి చూస్తుండగానే వాళ్ల అల్లుడు ఆ పలకలను భుజాన వేసుకుని తీసుకువెళ్లాడు.

నేను ఇంటికి వచ్చాను. మా ఆయన మాత్రం మట్టి దాకా వెళ్లారు. మధ్యాహ్నం దాటాక వచ్చి, బయట కుళాయి దగ్గర తలారా స్నానం చేశారు. అన్నం వడ్డిస్తానన్నాను. వినిపించనట్టు లోపలికి వెళ్లి కిటికీలోంచి ఆ గుడ్డ మూట తీశారు. కింది మెట్ల ముందు, నొప్పి మోకాలు చాపుకుని, నేల మీద కూర్చున్నారు.

నేను వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను. ఆయనకు ఆ పని ఎప్పుడూ అలవాటు లేదు. అద్దం ముక్క ఒకచోట జారిపోతోంది, ఒకచోట లోతుగా దిగుతోంది. గర్ర్ గర్ర్ మని ఆ చప్పుడు. ఏటా ఆ చప్పుడుకే కదా ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయేవారు. ఒక మెట్టు అయ్యాక ఇంకో మెట్టు. ఆఖరిదాని మీద అరచేయి పెట్టి నిమిరారు. తర్వాత దాన్నీ గీకారు.

"పైకి పోయి చూడు," అన్నారు, నా వైపు తిరగకుండా. "కనవడుతుందా?"

గోడ కడ్డీ పట్టుకుని పైకి వెళ్లాను. మబ్బు వేసింది, కిటికీలోంచి వెలుతురు పల్చగా వస్తోంది. పై మెట్ల మీద భాయి గీతలు దారం పట్టి లాగినట్టు ఉన్నాయి, అప్పుడే కాస్త నల్లబడుతున్నాయి. కింద మా ఆయన గీతలు వంకరటింకరగా, ఒకచోట వెడల్పుగా, ఒకచోట సన్నగా, పచ్చి తెలుపుతో ఉన్నాయి. ఏదీ దేనికీ జోడు కాదు. మెట్టు ఎక్కడ అయిపోయిందో, నేల ఎక్కడ మొదలైందో మాత్రం తెలుస్తోంది.

"కనవడుతుంది," అన్నాను.

ఆయన లేవలేదు. ఒళ్లో రాలిన కర్రపొడిని మెల్లగా అరచేతుల్లోకి ఎత్తుకున్నారు. భాయి దాన్ని ఎక్కడ పోసేవారో ఆయన ఒక్క ఏడూ చూడలేదు. రెండు చేతుల నిండా ఆ పొడి పట్టుకుని, ఏం చేయాలో తెలియనట్టు, పై మెట్టు మీదున్న నా వైపు చూస్తూ కూర్చున్నారు.